కాంప్లికేషన్ల కొరత

నాకున్నది ఒకటే కన్ను. ఎడమది చిన్నతనంలోనే పోయింది, దాన్ని ఎప్పుడో రద్దు కింద రాసేసుకున్నాను. మిగిలిన కుడి కన్నే నా పెట్టుబడి. దానితోనే మా ఊరి యార్డులో మిర్చి కొన్నాను, అమ్మాను, ఇల్లు కట్టాను, పిల్లల పెళ్ళిళ్ళు చేశాను. రెండు కళ్ళున్నవాడికి ఒకటి పోతే సగం నష్టం. నాకు ఒకటి పోతే దుకాణం మూత.

మిర్చి వ్యాపారంలో కాటా తర్వాత, ముందు కన్ను. రైతు టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పి గుప్పెడు కాయలు చేతిలో పోస్తే, రంగు చూసి ఇది మేలుకాయో తాలుకాయో అక్కడికక్కడ చెప్పాలి. రంగు వెలిసి తెల్లబడ్డ కాయను మేం తాలు అంటాం. పోయిన సీజన్లో యార్డంతా నాకు తాలుగా కనబడసాగింది. మొదట రైతుల్ని తిట్టాను. తర్వాత వానల్ని తిట్టాను. ఒకరోజు పొద్దున మా ఆవిడ వాసవాంబ కాఫీ తెచ్చి ఇస్తుంటే, "ఈ తెల్లచీర ఎప్పుడు కొన్నావే?" అన్నాను.

"నువ్వు ఎదురుగా కూర్చోనుండగా నేను తెల్లచీర కట్టటమేందయ్యా! నీ నోట్లో శని కూర్చుందా? ఇది ఎర్ర చీర. నీ కూతురు పోయిన దసరాకి పెట్టింది. ముందు పోయి కన్ను చూపించుకో."

చూపించుకోవడానికి వెళ్ళాను.

మా జిల్లాలో పెద్ద కంటి ఆస్పత్రి ఒకటుంది. అందులో డాక్టర్ హైమావతి గారని ఒకావిడ. మా యార్డులో సగం కళ్ళు ఆవిడ బాగుచేసినవే. చూపు వచ్చాక వాళ్ళు నా చేతిలో మోసపోవడం బాగా తగ్గించారు కాబట్టి ఆవిడ పనితనం మీద నాకు అనుభవపూర్వకమైన నమ్మకం ఉంది.

"హైమావతి మేడమ్ ఆపరేషన్లు చెయ్యట్లేదండీ," అంది కౌంటర్లో అమ్మాయి.

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నారండీ. ఆమె అసెస్ కాలేదు. అసెస్ కాని డాక్టర్లు థియేటర్లోకి పోకూడదని కొత్త రూలు. శ్రీవత్స సార్‌కి రాయమంటారా? ఆయనకి విశిష్ట శ్రేణి ఉంది."

ఆ శ్రీవత్స గారి ఫోటోలు హాలు గోడ నిండా ఉన్నాయి. ప్రతి ఫోటోలోనూ ఆయన ఒక పతకం అందుకుంటున్నాడు. కింద బెంచీ మీద కంటికి పట్టీతో ఏడుకొండలు అనే సిమెంటు ఫ్యాక్టరీ మనిషి కూర్చుని ఉన్నాడు. సరుకు కొనే ముందు పాత గిరాకీని ఒకసారి కదిపి చూడటం నాకు అలవాటు.

"ఏమయ్యా, శ్రీవత్స గారు బాగా చేశారా?"

"అబ్బో! ఏం మాట్లాడారండీ! ఆపరేషన్ మధ్యలో ఏదో తేడా కొట్టింది. ఇంకొకళ్ళయితే కంగారుపడతారు. ఆయన నా భుజం మీద చెయ్యేసి, 'ఏడుకొండలు గారూ, మీ కంట్లో ఇప్పుడొక చిన్న ఇబ్బంది తలెత్తింది. మనమందరం ఒక జట్టుగా దీన్ని ఎదుర్కొందాం' అన్నారు. అక్కడున్న అందరి పేర్లూ నాకు చెప్పారు. గది తుడిచే ఆమె పేరు కూడా."

"మరి చూపు?"

"చూపు రాలేదులెండి. కానీ మనిషి మాత్రం బంగారం."

నేను లేచి రూలు పెట్టిన మనిషి ఎక్కడుంటాడో వెతుక్కుంటూ వెళ్ళాను.

ఆయన పేరు పరాంకుశం. 'సాంకేతికేతర నైపుణ్యాల మూల్యాంకన విభాగం' అధిపతి. అంతకుముందు ఏదో విమానాల కంపెనీలో ప్రయాణికుల ఫిర్యాదులకు జవాబులు రాసేవాడట. పెద్ద గది, పెద్ద బల్ల, కింద తివాచీ. కంటి ఆస్పత్రిలో నేను చూసినంతలో కన్ను బొమ్మ లేని గది అదొక్కటే.

"డాక్టర్ హైమావతి గారి చేతిపని మీద సంస్థకు ఎట్టి అభ్యంతరమూ లేదు," అన్నాడు. "కానీ చేతిపని మా విభాగం పరిధిలోకి రాదు."

"ఆపరేషన్ చేసేది చేత్తోనే గదండీ?"

"అది సాంకేతికం. మాది సాంకేతికేతరం. సంక్లిష్ట స్థితి సంభవించినప్పుడు సర్జన్ ఏ విధంగా ప్రవర్తిస్తారు? పరిస్థితిని గ్రహించారా? నిర్ణయం తీసుకున్నారా? బృందంతో సంభాషించారా? నాయకత్వం వహించారా? ఈ నాలుగింటినీ ఇద్దరు మూల్యాంకకులు ప్రత్యక్షంగా గమనించి శ్రేణి ఇవ్వాలి."

"ఇవ్వండి మరి."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "ఎలా ఇస్తాం? ఆవిడ ఆపరేషన్లకు మావాళ్ళు సీజనంతా హాజరయ్యారు. ఒక్క సంక్లిష్ట స్థితి కూడా సంభవించలేదు. సమాచార కొరత! శ్రీవత్స గారిని చూడండి, వారం తిరక్కుండా మాకు సమాచారం సమకూరుస్తారు."

"కాంప్లికేషన్ రాకపోవటం మంచిదేగా అండీ?"

"మంచిదో చెడ్డదో చెప్పడానికి సమాచారం ఉండాలి కదా."

"మా సరుకు వేసుకెళ్ళే లారీ డ్రైవరు ఇంతవరకూ ఎక్కడా గుద్దలేదండీ. గుద్దాక ఎట్టా మాట్లాడతాడో తెలీదని నేను అతన్ని మాన్పించలేదు."

"మీరు లారీల దగ్గర ఆగిపోయారు," అన్నాడు పరాంకుశం. "మేం విమానాల నుంచి నేర్చుకున్నాం. పైలట్లను ఇలాగే పరీక్షిస్తారు."

"పైలట్ తనూ ఆ విమానంలోనే కూర్చుంటాడు గదండీ."

ఆయన దీన్ని సాంకేతికమైన అభ్యంతరంగా పరిగణించి పక్కన పెట్టేశాడు.

తర్వాత కాంటీన్లో నాకు మిగతా సంగతి తెలిసింది. రూలు వచ్చినప్పటి నుంచి కుర్ర డాక్టర్లు కాంప్లికేషన్ల కోసం అల్లాడుతున్నారు. ఒకడు థియేటర్లో ఈగ దూరిందని ప్రకటించి, దాన్ని జట్టుగా ఎదుర్కొని, మధ్యమ శ్రేణి సంపాదించాడు. రెండోవాడు పేషెంటు తుమ్మును చూపించి గట్టెక్కాడు. దాంతో విభాగం మేల్కొని, ఈగలూ తుమ్ములూ చెల్లవనీ, సంక్లిష్టత కంటి లోపలే కలగాలనీ సర్క్యులర్ పంపింది. సరుకుకు గిరాకీ పెరిగి సరఫరా పడిపోతే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మంచి పనివాళ్ళంతా ఖాళీగా కూర్చున్నారు. థియేటరు శ్రీవత్స గారి చేతిలో ఉంది.

హైమావతి గారు తన గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. బక్కపలుచని మనిషి. మాట పొదుపు. బయట ఎక్కడా ఆపరేషన్ చెయ్యకూడదని ఆస్పత్రితో ఒప్పందం ఉందట. అందుకని ఇక్కడ చెయ్యనివ్వక, ఇంకోచోట చెయ్యకూడక, చీటీలు రాస్తోంది.

నా కంట్లోకి చాలాసేపు చూసి వెనక్కి వాలింది.

"శేషయ్య గారూ, మీది సులువైన కన్ను కాదు. శుక్లం ముదిరి రాయిలా గట్టిపడింది. దాన్ని పట్టుకుని ఉండే సంచి చాలా పల్చగా ఉంది. శుక్లాన్ని ముక్కలు చేసేటప్పుడు ఆ సంచి అడుగు చినిగే ప్రమాదం ఉంది."

"చినిగితే?"

"ముక్కలు కంటి లోతుల్లోకి జారిపోతాయి. చినిగిన క్షణంలో తొందరపడి పనిముట్టు బయటికి లాగినా, ఇంకా లోపలికి పొడిచినా, కన్ను దక్కదు."

"మీరు చేస్తే?"

"చినక్కుండా చూస్తాను. చినిగితే ఆపుతాను. కానీ నన్ను చెయ్యనివ్వరు."

ఆ మాట వింటుంటే నాకు యార్డులో మంచి బేరం తగిలినప్పటి లక్షణం కనిపించింది. చెవి వెనక కొంచెం వేడెక్కుతుంది. నేను తిన్నగా పరాంకుశం గది తలుపు తోశాను.

"అయ్యా, మీకు కావలసిన సరుకు నా దగ్గరుంది."

"ఏ సరుకు?"

"కాంప్లికేషన్. కంటి లోపలిది. ఈగలూ తుమ్ములూ కాదు. ముదురు శుక్లం, పల్చటి సంచి, పైగా ఒంటి కన్ను. చినిగితే మనిషి మొత్తం చీకటి. ఇంత గట్టి కేసు ఈ సీజన్లో మీకు ఇంకోటి రాదు. హైమావతి గారు చేస్తేనే ఇస్తాను. ఆవిణ్ణి నా కంటి మీదే అసెస్ చేసుకోండి."

పరాంకుశం కుర్చీలోంచి లేచాడు. మూల్యాంకకులు ఇద్దర్నీ పిలిపించాడు. ముగ్గురూ నన్ను దీపం ముందు కూర్చోబెట్టి, వంతులవారీగా నా కంట్లోకి తొంగి చూశారు. వాళ్ళకేం కనబడిందో నాకు తెలియదు గానీ, "అద్భుతం," అన్నాడొకడు. "విద్యాపరంగా ఎంతో సంపన్నమైన కన్ను," అన్నాడు రెండోవాడు. పెళ్ళిచూపుల్లో కూడా నన్నెవరూ అంత మెచ్చుకోలేదు.

"ఒక్క షరతు," అన్నాడు పరాంకుశం. "మీ హామీ మేరకు సంక్లిష్ట స్థితి సంభవించని పక్షంలో, దాన్ని రోగి సహాయ నిరాకరణగా భావిస్తాం. డాక్టర్ గారు అంచనాకు అందనివారుగానే కొనసాగుతారు. ఇది చివరి అవకాశం."

"సంభవిస్తే?"

"నాలుగు నైపుణ్యాలూ ప్రదర్శించాలి. వినబడేట్టు."

ఒప్పుకున్నాను. మా ఆవిణ్ణి వెంటబెట్టుకెళ్ళి ఈ సంగతి చెబితే హైమావతి గారి మొహం ఎర్రబడింది. అంటే, ఎర్రబడిందని మా ఆవిడ చెప్పింది. నాకు తెల్లగానే కనబడింది.

"నా హక్కు కోసం మీ కన్ను పణం పెడతారా? మతి ఉందా మీకు?"

"మీ హక్కు కోసం కాదమ్మా, నా కన్ను కోసం. శ్రీవత్స గారి దగ్గర సంచి చినగటం ఖాయం, ఆపైన ఉపన్యాసం. మీ దగ్గర చినిగితే చినగొచ్చు, కానీ ఆపుతానన్నారు. నేను కొంటున్నది ఆ ఆపటాన్ని."

ఆవిడ చీటీ దగ్గరికి లాక్కుని ఆపరేషన్ తారీకు రాసింది. తర్వాత, "సరే. ఒక్క మాట. నేను పనిలో మాట్లాడను. మాట్లాడితే మీరు జవాబు చెప్తారు. జవాబు చెప్తే మీ తల కదులుతుంది. తల కదిలితే సూది కదులుతుంది. మీరు మెలకువగానే ఉంటారు, కన్ను మాత్రమే మొద్దుబారుతుంది. సిస్టర్ ఎస్తేరు మీ చెయ్యి పట్టుకుంటుంది. దగ్గొచ్చినా, భయమేసినా చెయ్యి నొక్కండి, నోరు విప్పొద్దు," అంది.

"ఇది మా తుండుగుడ్డ బేరమే గదమ్మా!" అన్నాను.

పక్కనే నిలబడ్డ ఎస్తేరుకి అర్థం కాలేదు. నేను భుజం మీది కండువా తీసి ఇద్దరి చేతుల మీదా కప్పి చూపించాను. ఇప్పుడు యార్డులో కంప్యూటరు వేలం వచ్చింది గానీ, మా పాతవాళ్ళం గుడ్డ కిందే బేరం చేసేవాళ్ళం. పక్కవాడికి ధర తెలియకుండా వేళ్ళతోనే చెప్పుకోవాలి. చూపుడు వేలు నొక్కిపడితే, ఆగు అని. పిడికిలి మొత్తం బిగిస్తే, బేరం కుదిరింది అని. చెయ్యి చివాల్న లాక్కుంటే, బేరం తెగింది అని.

"భలేగుంది బాబాయ్," అంది ఎస్తేరు. "మా ఇంట్లో మా ఆయనతో గూడా ఇట్టాగే మాట్లాడితే గొడవలుండవు."

హైమావతి గారు కూడా గుడ్డ కింద చెయ్యి పెట్టి మూడు గుర్తులూ నేర్చుకుంది. అప్పుడే ఆవిడ నవ్వటం మొదటిసారి విన్నాను.

ఆపరేషన్ రోజున నన్ను బల్ల మీద పడుకోబెట్టి, మొహం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పారు. కన్ను దగ్గర మాత్రం చిల్లు. బయట ఏం జరుగుతోందో చెవులతోనే చూడాలి. ముందు పరిచయాలు జరిగాయి. అందరూ తమ పేర్లు చెప్పుకున్నారు. పరాంకుశం తన పేరు, హోదా, శాఖ, శాఖ లక్ష్యాలు చెప్పాడు. నా పేరు చెప్పమన్నారు. చెబుతుంటే హైమావతి గారు, "తల," అంది. నేను ఆపేశాను.

"డాక్టర్ గారి మొదటి సంభాషణ ఏకపద రూపంలో ఉన్నది," అని పరాంకుశం తన మూల్యాంకకులకు రాసుకోమని చెప్పాడు.

మిషను మొదలైంది. తుమ్మెద రొద లాంటి చప్పుడు. కంటి ముందు రంగురంగుల వెలుగు. ఎస్తేరు చెయ్యి నా చేతిలో మెత్తగా ఉంది.

"డాక్టర్ గారూ, మీ ఆలోచనలను బృందంతో పంచుకోగలరా?"

రొద సాగుతోంది.

"సంక్లిష్ట స్థితి సమీపించినచో ముందుగా తెలియపరచ ప్రార్థన."

సమాధానం లేదు.

"శేషయ్య గారు గట్టిగా హామీ ఇచ్చారండీ," అన్నాడొక మూల్యాంకకుడు గుసగుసగా. "ఇంతవరకూ ఏ లక్షణమూ లేదు."

"వ్యాపారులను నమ్మరాదు," అన్నాడు పరాంకుశం. "మీలో ఎవరికైనా ఆకలిగా ఉంటే వెళ్ళి రండి."

ఉన్నట్టుండి రొద ఆగింది.

ఎస్తేరు నా చూపుడు వేలు పట్టుకుని నొక్కింది. ఆగు.

ఆ నొక్కుడు మామూలు నొక్కుడు కాదు. నా జీవితంలో చాలామంది నా వేలు నొక్కారు. సరుకు మునిగిపోతున్నవాడు ఎట్లా నొక్కుతాడో నాకు తెలుసు. లోపల సంచి చినిగిందని అర్థమైంది. అరవాలనిపించింది. లేవాలనిపించింది. మా ఆవిడ ఎర్ర చీర, యార్డు, పోగులు పోసిన మిర్చి, అన్నీ ఆ వేలి చివర వేలాడుతున్నట్టుంది. ఊపిరి కూడా చిన్నగా తీసుకున్నాను.

గదిలో ఒక్క మాట లేదు. పాదం కదిలిన చప్పుడు కూడా లేదు. తర్వాత ఏదో సన్నగా టకటకలాడింది, చీమలు కత్తెరలు ఆడిస్తున్నట్టు. ఎస్తేరు వేలు వదల్లేదు.

"మధ్యాహ్నం మీటింగు ఎన్నింటికి?" అని మూల్యాంకకుడు అడిగాడు.

"ఇక్కడ ఏమీ జరగకపోతే ఇప్పుడే పోదాం," అన్నాడు పరాంకుశం.

టకటక ఆగింది. అప్పుడు ఎస్తేరు నా వేలు వదిలి, పిడికిలి మొత్తం పట్టుకుని గట్టిగా బిగించింది. ఇంత లావు బేరం నాకెప్పుడూ కుదరలేదు. ఆకుపచ్చ గుడ్డ కింద ఏడ్చాను.

"కన్ను తడి చేసుకోకండి," అంది హైమావతి గారు. ఆపరేషన్ మొత్తానికీ అది ఆవిడ రెండో మాట.

మర్నాడు పట్టీ విప్పారు. నేను చేతిరుమాల్లో గుప్పెడు కాయలు మూటగట్టుకుని వెళ్ళాను. విప్పి చూశాను. ఎరుపు! ఎంత ఎరుపంటే, మిర్చికి అంత రంగుంటుందని నేను మర్చిపోయాను. అందులో ఒక తాలుకాయ కనబడింది. తీసి అవతల పారేశాను. మా ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "మళ్ళీ చూపొస్తే ఎవరైనా ముందు పెళ్ళాం మొహం చూస్తారు. ఈయన తాలు ఏరుతున్నాడు," అంది.

హైమావతి గారు జరిగింది చెప్పింది. సంచి అడుగు చినిగింది. పనిముట్టు అక్కడే కదలకుండా ఉంచి, జిగురు మందు నింపి, అప్పుడు బయటికి తీసింది. చినుగులోంచి పైకి పొంగినదాన్ని సన్నటి కత్తెర మిషనుతో కత్తిరించి తీసేసింది, నేను విన్న టకటక అదే. ముక్కలేవీ లోపలికి జారలేదు. కొత్త లెన్సును సంచిలో కాకుండా సంచి ముందు అంచు మీద ఆనించింది. ఆవిడ చిటికెన వేలు ఎత్తితే చాలట, పక్క సిస్టర్ జిగురు మందు అందిస్తుంది, ఎస్తేరు పేషెంటు చేతిని పట్టి ఉంచుతుంది. ఏళ్ళ తరబడి కలిసి చేస్తున్న పని. ఇదంతా ఆవిడ ఉన్నదున్నట్టు రాసిచ్చింది.

ఆ రాతే కొంప ముంచింది.

"ఆ గదిలో మేం ముగ్గురం ఉన్నాం," అన్నాడు పరాంకుశం, కమిటీ సమావేశంలో. నన్ను ప్రత్యక్ష సాక్షిగా పిలిచారు. చూడలేదు గనక శ్రవణ సాక్షి అని రాసుకున్నారు. "మాకెవరికీ సంక్లిష్ట స్థితి కనబడలేదు. ప్రకటించని సంక్లిష్ట స్థితి సంభవించనట్టే. అప్పుడు అంచనా లేదు. ఒకవేళ సంభవించిందంటే, డాక్టర్ గారు సంభాషించలేదు, బృందాన్ని ప్రోత్సహించలేదు, మాకు తెలియజేయలేదు. అప్పుడు ఉత్తీర్ణత లేదు. ఈ రెంటిలో డాక్టర్ గారు ఏది కోరుకుంటారో తెలపవచ్చు."

హైమావతి గారు ఏమీ తెలపలేదు.

"కన్ను కనబడుతోంది గదండీ!" అన్నాను.

"అది ఫలితం. ఫలితం సాంకేతికం."

మంచి మాటలు పనిచెయ్యని చోట సరుకు చూపించాలి. నేను కుర్చీ జరుపుకుని పరాంకుశం పక్కన కూర్చున్నాను. కండువా తీసి ఆయన చేతి మీదా నా చేతి మీదా కప్పాను.

"ఇదేమిటి?"

"ఊరికే. మీ వేళ్ళు నేను నొక్కుతాను. బాగుందనిపిస్తే మీరు పిడికిలి బిగించండి."

కమిటీ అంతా చూస్తోంది. నేను ఆయన వేళ్ళు పట్టుకుని మొదట ఎక్కువ రేటు చెప్పాను. ఆయన చెయ్యి బిర్రుగా ఉంది. కాస్త తగ్గించాను. వేళ్ళు వదులయ్యాయి. ఇంకొంచెం తగ్గించి, బతిమాలినట్టు బొటనవేలితో నిమిరాను. ఆయన పిడికిలి బిగించాడు. కండువా తీసేశాను.

"అయిందండీ. మీరు ఒక టిక్కీ మిర్చి కొన్నారు."

"నేనేమీ అనలేదే!"

"అనక్కర్లేదు. మొదటి రేటుకి ఒప్పుకోలేదు. రెండోదానికి ఆలోచించారు. మూడోదానికి మనసు కరిగింది. ఇన్ని మాటలు మాట్లాడుకున్నాం, మీ కమిటీవాళ్ళకి ఒక్కటైనా వినబడిందేమో అడగండి. ఆ రోజు థియేటర్లో జరిగింది ఇదే. వాళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు. మీరు గుడ్డ బయట ఉన్నారు."

పరాంకుశం తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆయన కళ్ళలో ఒక వెలుగు వచ్చింది. కొత్త కన్నుతో నాకది స్పష్టంగా కనబడింది, కానీ దాని అర్థం అప్పుడు తెలియలేదు.

"మౌన సంభాషణ!" అన్నాడు. "ఐదవ నైపుణ్యం!"

హైమావతి గారికి విశిష్ట శ్రేణి వచ్చింది. కమిటీ లేచి చప్పట్లు కొట్టింది. మర్నాడే నేను పరాంకుశం ఇంటికి టిక్కీ పంపించాను, మేలుకాయే పంపించాను. బేరం గెలిచానని యార్డులో అందరికీ చెప్పుకున్నాను.

తర్వాత మా ఆవిడ కంట్లో కూడా శుక్లం ఉందని తేలింది. మళ్ళీ అదే కౌంటరు దగ్గరికి వెళ్ళాను.

"హైమావతి మేడమ్ ఆపరేషన్లు చెయ్యట్లేదండీ," అంది అమ్మాయి.

"మళ్ళీ ఏమైంది తల్లీ? విశిష్ట శ్రేణి వచ్చిందిగా!"

"అందుకేనండీ. అంత నైపుణ్యాన్ని థియేటర్లో వృథా చెయ్యకూడదని ఆమెని మౌన సంభాషణ శిక్షణ కేంద్రానికి అధిపతిని చేశారు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఉపన్యాసాలే. శ్రీవత్స సార్‌కి రాయమంటారా? ఆయన కూడా ఐదో నైపుణ్యంలో పాసయ్యారు."

శ్రీవత్స గారు పాసైన తీరు ఎస్తేరు చెప్పింది. కొత్త రూలు ప్రకారం సర్జన్ ఆపరేషన్ అంతసేపూ ఒక చెయ్యి గుడ్డ కింద పెట్టి బృందంతో మౌనంగా సంభాషించాలి. దాంతో ఆయన ఒక చేత్తో చేస్తున్నాడు. నోటితో మాత్రం పాత నాలుగు నైపుణ్యాలూ వదల్లేదు. సమాచారం ఇదివరకటి కంటే జోరుగా సమకూరుతోందట. పరాంకుశానికి పదోన్నతి.

నేను చేసిన వ్యాపారం మొత్తం కూడి చూసుకున్నాను. ఆవిడ చేతిని విడిపించబోయి, ఇంకా గట్టి తాడు నేనే పేనిచ్చాను.

మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని శిక్షణ కేంద్రానికి వెళ్ళాను. పెద్ద హాలు, నాలుగు మూలలా స్పీకర్లు. వేదిక మీద హైమావతి గారు మైకు ముందు నిలబడి మౌనం గురించి మాట్లాడుతోంది. ముందు రాసిచ్చిన కాగితం చదువుతోంది. గొంతు బొంగురుపోయింది. పక్కన ఎస్తేరు గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. పరాంకుశం మొదటి వరుసలో కూర్చుని, "కొంచెం గట్టిగా, వెనక వాళ్ళకు మౌనం వినబడటం లేదు," అంటున్నాడు.

మధ్యలో విరామం ఇచ్చారు. ఆవిడ మా దగ్గరికి వచ్చింది. పరాంకుశం కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"చూశారా శేషయ్య గారూ! అంతా మీ చలవే. డాక్టర్ గారు ఇక్కడ ఎంతో సంతృప్తిగా ఉన్నారు."

హైమావతి గారు నా భుజం మీద కండువా వైపు చూసింది. నేను తీసి చేతి మీద వేసుకున్నాను. ఆవిడ గుడ్డ కింద చెయ్యి పెట్టింది. మిర్చి యార్డులో ఏ చెయ్యీ అంత సన్నగా, అంత కుదురుగా ఉండదు. ఒక్క క్షణం ఉంచింది.

చివాల్న లాక్కుంది.

"ఏమంటున్నారు మేడమ్?" అని పరాంకుశం ఆసక్తిగా అడిగాడు.

"మీ కేంద్రం చాలా బాగుందంటున్నారు," అన్నాను.

నెల తిరిగేసరికి మా యార్డు వెనక సందులో, విత్తనాల కొట్టు మేడ మీద, ఒక చిన్న బోర్డు లేచింది. ఒక డాక్టరమ్మ, ఇద్దరు సిస్టర్లు, ఒక బల్ల, ఒక మిషను. ఒప్పందం తెంచుకున్నందుకు ఆస్పత్రి నోటీసులిచ్చిందట, ఆవిడ వాటికి జవాబు చెప్పలేదట. మెట్లు ఇరుకు, ఫ్యాను చప్పుడు. గోడ మీద పతకాల్లేవు. మొదటి రోజు మొదటి పేరు మా ఆవిడది.

నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు సందులోంచి తుమ్మెద రొద వినబడుతోంది. ఇంకేమీ వినబడలేదు. కాసేపటికి రొద ఆగింది. నేను నా చూపుడు వేలు నేనే నొక్కిపట్టుకుని కూర్చున్నాను. తలుపు తీసుకుని ఎస్తేరు మా ఆవిణ్ణి నడిపించుకుంటూ వచ్చింది.

"అయిపోయింది బాబాయ్. పిన్నిగారిది మెత్తటి శుక్లం. ఏ తేడా లేదు."

మెట్లు దిగుతుంటే మా ఆవిడ అందుకుంది. "ఇదేం డాక్టరయ్యా! అంతసేపు నా కంట్లో చేతులు పెట్టి, ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. బాగున్నావా అనలేదు, భయపడకు అనలేదు. పేరన్నా అడగొద్దూ? ఆ శ్రీవత్స గారయితే గది తుడిచే ఆమె పేరు కూడా చెప్పాడంట. ఏందో, ఏం మనిషో..."

ఇంటికి చేరేదాకా మాట్లాడుతూనే ఉంది. నేను రిక్షాలో కండువా ఇద్దరి చేతుల మీదా వేసి, ఆవిడ పిడికిలి పట్టుకుని గట్టిగా బిగించాను.